సైటు ఇంజినీరుకు అర్థమయ్యే కాంట్రాక్టు: రాయడం ఎలా, రాయడం నేర్పడం ఎలా

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకు తెలియాలి కాబట్టి. గాజువాక ఆటోనగర్‌లో మీకు ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది. పెద్ద ప్లాంట్ల దగ్గర స్ట్రక్చర్లు, పైపింగ్ పనులు తీసుకుని, అందులో కొంత సబ్ కాంట్రాక్టర్లకు ఇస్తారు. కమర్షియల్ విభాగంలో నలుగురు ఉన్నారు, ఎవరూ లా చదవలేదు. పాత ఫైలు తెరిచి, పేర్లు మార్చి కాంట్రాక్టులు తయారుచేస్తున్నారు. బిల్లుల దగ్గర, ఆలస్యం జరిమానాల దగ్గర గొడవలు పెరిగాయి. ‘రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టిస్తే సరిపోతుందా?’ అన్నారు.

సరిపోదు. వర్క్‌షాప్‌లో విన్నది మీ పాత నమూనా తెరవగానే మరుగున పడుతుంది. ఎందుకంటే సోమవారం పొద్దున్న మీవాళ్లు కాపీ కొట్టేది ఆ నమూనానే. నమూనా మారాలి, దాన్ని మార్చే పని వాళ్ల చేతే చేయించాలి. శిక్షణ అంటే అదే. నా లెక్కలో వారానికి గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు పడుతుంది. వివరంగా కింద రాస్తాను. దానికి ముందు, వాళ్లు ఏం నేర్చుకోవాలో తేల్చుకోవాలి.

కాంట్రాక్టును మొదట చదివేది జడ్జి కాదు. సైటు ఇంజినీరు, స్టోర్సులో మెటీరియల్ ఇచ్చే మనిషి, బిల్లు పాస్ చేసే అకౌంట్సు మనిషి చదువుతారు. ఏ రోజు ఏం చేయాలో వాళ్లకు అందులో దొరకాలి. దొరక్కపోతే అలవాటు ప్రకారం చేసేస్తారు. గొడవ వచ్చాక లాయరు చేతికి కాంట్రాక్టూ, దానికి పొంతన లేని ఉత్తరాలూ వస్తాయి. పైగా సబ్ కాంట్రాక్టర్లకు ఇచ్చే కాగితం మీరే రాస్తారు కాబట్టి, ఒక వాక్యానికి రెండు అర్థాలు వస్తే రాసినవాడికి వ్యతిరేకంగా ఉన్న అర్థాన్నే తీసుకునే సూత్రం మీమీదే పడుతుంది. అర్థమే తేల్చలేనంత అస్పష్టంగా ఉంటే భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 29వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పందం చెల్లనే చెల్లదు. ‘అప్పట్లో నోటితో అనుకున్నాం’ అంటే కూడా నిలవదు. రాతలో ఉన్న షరతును నోటిమాటతో మార్చి చూపడానికి పాత సాక్ష్య చట్టం సాధారణంగా ఒప్పుకునేది కాదు. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ అదే నియమం కొనసాగింది.

గొడవలు పుట్టే చోటు గురించి ఒక మాట. చాలామంది ‘లీగల్’గా కనిపించే పేజీల మీద శ్రమ పెడతారు. ఫ్యాబ్రికేషన్ పనుల్లో డబ్బు పోయేది ఎక్కువగా అనుబంధాల్లోనే. పని పరిధి, కొలతల పద్ధతి, ఎవరు ఏం సరఫరా చేయాలి అన్న పట్టిక అక్కడే ఉంటాయి. అందుకే వీటి మీద ఎక్కువ చెబుతాను.

బరువుతో మొదలుపెడదాం. రేటు కిలోకు అని రాస్తారు, ఏ కిలో అన్నది రాయరు. 10 మిల్లీమీటర్ల ప్లేటు లెక్క ప్రకారం చదరపు మీటరుకు 78.5 కిలోలు. రోలింగ్‌లో ప్లేటు 10.3 మిల్లీమీటర్లు వస్తే వేబ్రిడ్జి (లారీలు తూచే కాటా) మీద దాదాపు 80.9 తూగుతుంది. తేడా 3 శాతం. 50 టన్నుల పనిలో అది టన్నున్నర, కిలోకు 20 రూపాయల రేటు వేసుకున్నా 30 వేల రూపాయలు. కాంట్రాక్టులో ‘చెల్లింపు ఆమోదించిన డ్రాయింగు ప్రకారం లెక్కకట్టిన బరువుకే, వేబ్రిడ్జి బరువు చెల్లింపుకు వర్తించదు’ అన్న ఒక్క వాక్యం ఉంటే వాదనే రాదు. దాని వెంటనే ఇంకో మూడు చెప్పాలి: బోల్టు రంధ్రాల బరువు తీసేస్తారా, వెల్డింగ్ లోహం బరువు కలుపుతారా, గస్సెట్లు, క్లీట్లు (భాగాలను కలిపే చిన్న ప్లేట్లు, ముక్కలు) అదే రేటులోనా వేరే రేటులోనా. ఏది రాసుకున్నా తప్పు లేదు. రాయకపోవడమే తప్పు.

కంపెనీ ఉచితంగా ఇచ్చే ఉక్కు రెండోది. వృథా ఎంత శాతం వరకు ఒప్పుకుంటారు, ఎంత పొడవు దాటిన ముక్కను తుక్కుగా లెక్కవేయకుండా స్టోర్సుకు తిప్పివ్వాలి, తుక్కు ఎవరిది, లెక్క తేలని ఉక్కుకు ఏ రేటున ఏ బిల్లులో కోస్తారు అన్నవి నాలుగూ స్పష్టంగా ఉండాలి. ‘వాజిబైన వృథా అనుమతించబడును’ అని రాస్తే చివరి బిల్లు దాకా ఎవరూ మాట్లాడరు. చివరి బిల్లులో ఇద్దరూ ఒప్పుకోరు.

రంగు మూడోది. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊళ్లో దీనికి విలువ ఎక్కువ. ‘రెండు పూతలు నాణ్యమైన పెయింటు’ అంటే కొలవడానికి ఏమీ లేదు. ‘ఎస్‌ఏ రెండున్నర స్థాయికి బ్లాస్టింగ్, అయిన 4 గంటల్లో ప్రైమరు, మొత్తం ఆరిన మందం 200 మైక్రాన్లకు తగ్గకూడదు, మందం కొలిచేటప్పుడు ఇరుపక్షాల మనుషులు ఉండాలి, తక్కువ వచ్చిన చోట కాంట్రాక్టరు తన ఖర్చుతో మళ్లీ వేయాలి’ అని రాస్తే మీటరు పట్టుకుని తేల్చుకోవచ్చు. (బ్లాస్టింగ్ అంటే ఇసుకలాంటి రేణువులు జల్లి ఉక్కును శుభ్రం చేయడం, ఎస్‌ఏ రెండున్నర ఆ శుభ్రతకు ఒక స్థాయి.) అంకెలు మీ పనిని బట్టి మారతాయి. విశేషణం స్థానంలో కొలత, పరికరం, కొలిచే మనిషి ఉండాలన్నది మాత్రం మారదు. వెల్డింగ్ జాయింట్ల రేడియోగ్రఫీకీ (ఎక్స్‌రే లాంటి పరీక్ష) ఇంతే: ఎంత శాతం జాయింట్లు, ఫెయిలైతే అదనంగా ఎన్ని తీయాలి, ఆ అదనపు ఖర్చు ఎవరిది.

పేరు ఒకటే, వస్తువులు రెండు అయితే ఏమవుతుందో చెప్పే పాత ఇంగ్లండు కేసు ఒకటి కాంట్రాక్టు తరగతుల్లో తప్పకుండా వస్తుంది. 1864 నాటిది. బొంబాయి నుంచి ‘పీర్‌లెస్’ ఓడలో వచ్చే పత్తి అని రాసుకున్నారు. ఆ పేరుతో రెండు ఓడలున్నాయి, ఒకటి అక్టోబరులో బయల్దేరింది, ఒకటి డిసెంబరులో. కొన్నవాడు ఒకదాన్ని, అమ్మినవాడు ఇంకోదాన్ని మనసులో పెట్టుకున్నామన్నారు. కొన్నవాడి చేత సరుకు తీసుకునేలా చేయడం అమ్మినవాడి వల్ల కాలేదు. మీ పనుల్లో దీనికి జోడీ డ్రాయింగు రివిజన్. ‘జతచేసిన డ్రాయింగు ప్రకారం’ అనకండి. డ్రాయింగు నంబరు, రివిజన్ నంబరు, తేదీ వేయండి. రివిజన్ మారితే రేటు, గడువు ఎలా మారతాయో ఒక వాక్యం రాయండి.

ఇక వాక్యాలు. మీ నలుగురికీ మొదట నేర్పాల్సింది కాంట్రాక్టులో వాక్యాలు చేసే పనిని గుర్తుపట్టడం. దాదాపు ప్రతి వాక్యం ఈ ఐదింటిలో ఒకటి చేస్తుంది: ఒకరి మీద బాధ్యత పెడుతుంది, ఒకరికి వెసులుబాటు ఇస్తుంది, ఒక పనిని నిషేధిస్తుంది, ఫలానాది జరిగితే అని షరతు పెడుతుంది, లేదా ఒక విషయాన్ని ప్రకటిస్తుంది. ఇంగ్లీషు నమూనాల్లో ఈ ఐదింటికీ ‘షల్’ వాడేస్తారు, అక్కడే తికమక మొదలవుతుంది. బాధ్యతకు ఒకే మాట, వెసులుబాటుకు ఒకే మాట అని ఆఫీసులో తీర్మానించుకోండి. ‘షల్’ ఉంచుకుంటారో ‘మస్ట్’ వాడతారో మీ ఇష్టం. రెండూ కలపకండి.

బాధ్యత పెట్టే ప్రతి వాక్యానికీ నాలుగు ప్రశ్నలు వేయించండి. ఎవరు? ఏం? ఎప్పటిలోగా? చేయకపోతే? నాలుగోదానికి జవాబు లేని బాధ్యతలే ఎక్కువ. ఉదాహరణకు ప్రతి పాత వర్క్ ఆర్డరులోనూ ఉండే ఈ వాక్యం చూడండి, తెలుగులో చెబుతున్నాను: ‘పూర్తయిన పనికి కొలతలు ఎప్పటికప్పుడు తీసుకోబడును.’ తీసేది ఎవరు? ఎప్పటికప్పుడు అంటే నెలకా, వారానికా? తీయకపోతే బిల్లు ఆగిపోవాల్సిందేనా? దీన్నే ఇలా రాయవచ్చు: ‘కొలతలకు పని సిద్ధంగా ఉందని కాంట్రాక్టరు ఈమెయిల్‌లో తెలియజేయాలి. అందిన 3 పని దినాల్లో కంపెనీ సైటు ఇంజినీరు కాంట్రాక్టరుతో కలిసి కొలతలు తీసి, ఇద్దరూ కొలతల పుస్తకంలో సంతకం చేయాలి. సైటు ఇంజినీరు ఆ గడువులో రాకపోతే, కాంట్రాక్టరు ఫొటోలతో సహా పంపిన కొలతల మీద ఆ నెల బిల్లు చెల్లించాలి; తేడా తేలితే తరువాతి బిల్లులో సర్దుకోవాలి.’ వాక్యాలు పెరిగాయి, నిజమే. పొడవు తగ్గించడం లక్ష్యం కాదు. ఒక వాక్యంలో ఒకే పని ఉండాలి, చేసేవాడి పేరు వాక్యంలో కనిపించాలి.

గడువుల లెక్క విడిగా నేర్పాలి. ‘బిల్లు నుంచి 30 రోజులు’ అన్నప్పుడు ఏ రోజు నుంచి? బిల్లు మీది తేదీయా, అందిన తేదీయా, సర్టిఫై చేసిన తేదీయా? అందిన రోజును లెక్కించకుండా మరుసటి రోజు నుంచి మొదలుపెడితే, మార్చి 3న అందిన బిల్లుకు గడువు ఏప్రిల్ 2. ఆ ఉదాహరణను క్లాజు కిందే రాసేయండి. చివరి రోజు సెలవైతే ఏం చేయాలో ఒక వాక్యం చాలు. ‘రోజు’ అంటే క్యాలెండరు రోజో పని దినమో నిర్వచనాల్లో చెప్పండి. ‘పని దినం’ అంటే ఎవరి సెలవుల జాబితా ప్రకారమో కూడా చెప్పాలి. ప్లాంటు ఆదివారం నడుస్తుంది, మీ అకౌంట్సు నడవదు.

చెల్లింపు దగ్గర చట్టం కూడా తెలిసి ఉండాలి. ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకో సేవో తీసుకున్నవాళ్లు రాతలో ఒప్పుకున్న తేదీకి చెల్లించాలి, ఆ తేదీ అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. తేదీ రాసుకోకపోతే 15 రోజులు. అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కాంట్రాక్టులో 90 రోజులని రాసుకున్నా ఈ నిబంధనలదే పైచేయి. ఇది మీకు రెండు వైపులా తగులుతుంది. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే మీ క్లయింటు మీద హక్కు, మీ సబ్ కాంట్రాక్టరుకు ఉంటే మీమీద బాధ్యత. ‘క్లయింటు చెల్లించాకే మీకు చెల్లిస్తాం’ అన్న క్లాజు రాసుకున్నంత మాత్రాన ఈ గడువు పోదు. అయితే వర్క్స్ కాంట్రాక్టులకు (సరుకు, పని కలిపి ఒకే ఒప్పందంగా ఉండేవాటికి) ఈ చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్నదాని మీద కోర్టుల్లో వేర్వేరు అభిప్రాయాలు వచ్చాయి. కాబట్టి చట్టం ఆదుకుంటుందిలే అని వదిలేయకుండా గడువు, వడ్డీ క్లాజులోనే స్పష్టంగా రాయించుకోండి. కాంట్రాక్టు పని మొదలుపెట్టకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. జీఎస్టీ రేటులో కలిసి ఉందా అదనమా అన్నది ప్రతి ధర పట్టిక కిందా కనిపించాలి.

ఆలస్యం జరిమానా క్లాజులో అందరూ శాతం చూస్తారు, మిగతాది చూడరు. 40 లక్షల కాంట్రాక్టు, అందులో 10 లక్షల విలువైన ప్లాట్‌ఫారాల భాగం 17 రోజులు ఆలస్యమైందనుకోండి. ‘వారానికి అర శాతం’ అని మాత్రమే ఉంది. ఆలస్యమైన భాగం విలువ మీద, పూర్తయిన వారాలకే అని చదివితే 10 వేలు. మొత్తం కాంట్రాక్టు విలువ మీద, మొదలైన వారాన్ని పూర్తి వారంగా చదివితే 60 వేలు. ఒకే వాక్యం, ఆరు రెట్ల తేడా. కాబట్టి దేని విలువ మీద, వారంలో భాగాన్ని ఎలా లెక్కిస్తారు, గరిష్ఠం ఎంత, గరిష్ఠం దేనిలో శాతం అన్నవి నాలుగూ ఉండాలి. ఇంత రాసినా ఆ అంకె ఆటోమేటిగ్గా వచ్చే డబ్బు అనుకోవద్దు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద అది పైపరిమితి, కోర్టు ఇచ్చేది సమంజసమైన పరిహారం. నష్టాన్ని నిరూపించగలిగే చోట నిరూపించాల్సిందేనని సుప్రీంకోర్టు 2015లో కైలాష్ నాథ్ కేసులో చెప్పింది. అందుకే అంకె ఎలా వచ్చిందో, అద్దె క్రేన్ల ఖర్చా, సూపర్‌వైజర్ల జీతాలా, ఫైల్లో ఒక పేజీ లెక్క పెట్టుకోవడం మంచిది.

ఇదే సందర్భంలో మీవాళ్లకు అదే చట్టంలోని 55వ సెక్షన్ చివరి పేరా తప్పకుండా చదివించండి. గడువే ప్రధానమైన ఒప్పందంలో ఆలస్యమైన పనిని ఏమీ అనకుండా అంగీకరిస్తే, ఆ ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోతుంది. అంగీకరించేటప్పుడే నోటీసు ఇవ్వాలి. అంటే డ్రాఫ్టింగ్ సంతకంతో ఆగదు. గడువు పొడిగింపు ఉత్తరానికి కూడా ఒక నమూనా ఉండాలి, అందులో ‘ఆలస్యానికి పరిహారం అడిగే హక్కును మేము వదులుకోవడం లేదు’ అన్న వాక్యం ఉండాలి.

తుపాను క్లాజును విశాఖలో ఎవరూ ఢిల్లీ నమూనా నుంచి కాపీ చేయకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. మామూలు నమూనాలో ‘సంఘటన జరిగిన 24 గంటల్లో ఈమెయిల్ ద్వారా తెలియజేయాలి, లేకపోతే హక్కు పోతుంది’ అని ఉంటుంది. ఆ పరిస్థితిలో అది ఎవరికీ సాధ్యం కాదు. రెండో సమస్య: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్లు వస్తాయని అందరికీ తెలుసు. ‘ప్రకృతి వైపరీత్యం’ అని మాత్రమే రాస్తే ప్రతి వర్షానికీ పొడిగింపు అడుగుతారు, లేదా నిజమైన తుపానుకు కూడా ‘ఇది ఊహించదగినదే’ అని నిరాకరిస్తారు. కొలవగలిగే ట్రిగ్గరు మనకు చేతిలోనే ఉంది. విశాఖపట్నం పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికలకు నంబర్లుంటాయి. 1, 2 దూరపు హెచ్చరికలు. 3, 4 స్థానిక హెచ్చరికలు. 5 నుంచి 7 ప్రమాదం. 8 నుంచి 10 పెను ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. క్లాజులో ఇలా రాయవచ్చు: ‘విశాఖపట్నం పోర్టులో 5 లేదా అంతకన్నా పెద్ద నంబరు సూచిక ఉన్న ప్రతి రోజుకూ, సూచిక దించాక సైటు సరిచేసుకోవడానికి మరో 2 రోజులకూ గడువు పొడిగిస్తారు. ఫోన్, ఇంటర్నెట్ తిరిగి వచ్చిన 3 రోజుల్లో తెలియజేస్తే చాలు. 3వ నంబరు సూచిక వచ్చిన వెంటనే కాంట్రాక్టరు క్రేన్ బూములు దించాలి, పరంజా కట్టుదిట్టం చేయాలి. ఆ ఖర్చు రేటులో కలిసి ఉంది.’ ఖాళీగా కూర్చున్న మనుషుల, యంత్రాల ఖర్చు ఎవరిదో, ఇన్సూరెన్సు ఎవరు తీసుకోవాలో కూడా ఇక్కడే తేల్చండి. ఇంత వివరం ఎందుకంటే, కాంట్రాక్టులో క్లాజు ఉన్నప్పుడు కోర్టు ముందు ఆ క్లాజు మాటల్నే చూస్తుంది. ధర పెరిగిందనో, పని భారమైందనో ఒప్పందం రద్దయిపోదని కూడా సుప్రీంకోర్టు 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో చెప్పింది. ధర పెరిగితే ఏం చేయాలో కావాలంటే దానికి వేరే క్లాజు రాసుకోవాలి.

ఆర్బిట్రేషన్ (గొడవను కోర్టు బదులు ప్రైవేటు తీర్పరి, అంటే ఆర్బిట్రేటరు, తేల్చే పద్ధతి) క్లాజు ఐదు వాక్యాలకు మించక్కర్లేదు. ‘పక్షాలు నిర్ణయించుకుంటే ఆర్బిట్రేషన్‌కు పంపుతారు’ అని రాస్తే అది ఆర్బిట్రేషన్ ఒప్పందమే కాదని సుప్రీంకోర్టు 2007లో జగదీశ్ చందర్ కేసులో తేల్చింది. ‘పంపాలి’ అని కచ్చితంగా రాయండి. మా మేనేజింగ్ డైరెక్టరే ఆర్బిట్రేటరును నియమిస్తారన్న పాత వాక్యం సుప్రీంకోర్టు 2019 నాటి పెర్కిన్స్ తీర్పు తరువాత నిలవదు, 2024 నవంబరులో ఆ కోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏకపక్ష నియామకాలను మరోసారి కొట్టేసింది. ఆర్బిట్రేటర్ల సంఖ్య బేసిగా ఉండాలి. ఏ ఊరి కోర్టుల పర్యవేక్షణలో ఆర్బిట్రేషన్ జరుగుతుందో చెప్పేది సీటు; ‘సీటు విశాఖపట్నం’ అని సీటు అన్న మాటతోనే రాయండి.

పాత నమూనాల్లో బతికి ఉన్న చనిపోయిన వాక్యాలను ఏరేయడం ఒక పూట పని. 1940 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 1996లోనే పోయింది, సర్వీస్ ట్యాక్స్ 2017 జూలైలో పోయింది, 1956 కంపెనీల చట్టం స్థానంలో 2013 చట్టం వచ్చింది. ‘హైదరాబాద్ కోర్టులకు మాత్రమే అధికారం’ అన్న వాక్యం విభజనకు ముందటి ఫైళ్ల నుంచి ఇప్పటికీ విశాఖ కాంట్రాక్టుల్లోకి వస్తూనే ఉంది. పని ఇక్కడ, ఇరుపక్షాలూ ఇక్కడ అయినప్పుడు ఆ కోర్టుకు అధికారమే ఉండకపోవచ్చు. లేని అధికారాన్ని ఒప్పందంతో ఇవ్వలేరని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. ‘6 నెలల్లో క్లెయిము పెట్టకపోతే హక్కు రద్దు’ అన్నది కూడా కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్‌కు 1997లో వచ్చిన సవరణ తరువాత చెల్లదు.

ఇక శిక్షణ.

మొదటి వారం ఎవరూ ఏమీ రాయకూడదు. గొడవ జరిగిన ఫైళ్లు ఐదారు తీసి, గొడవ ఉత్తరాలను కాంట్రాక్టు పక్కన పెట్టి, ఏ వాక్యం వల్ల (లేదా ఏ వాక్యం లేకపోవడం వల్ల) ఆ ఉత్తరం పుట్టిందో గుర్తుపెట్టించండి. ఈ జాబితాయే మీ సిలబస్. బయటి నుంచి తెచ్చిన ఏ సిలబస్‌కూ దీనంత పట్టు ఉండదు.

రెండో వారం రంగు పెన్నులు. ఒక పాత వర్క్ ఆర్డరు ప్రింటు తీసి, పైన చెప్పిన ఐదు రకాల వాక్యాలకు ఐదు రంగులు. రెండు రంగులు పడిన వాక్యాన్ని రెండుగా విడగొట్టాలి. ఏ రంగూ పడని వాక్యం ఏ పనీ చేయడం లేదు, తీసేసి చూడండి. నలుగురూ విడివిడిగా రంగులు వేసి తరువాత పోల్చుకోవాలి. ఒకే వాక్యానికి ఇద్దరు వేర్వేరు రంగులు వేశారంటే ఆ వాక్యం సైటులోనూ రెండు రకాలుగా అర్థమవుతుంది.

మూడు, నాలుగు వారాలు ఒక్కొక్కరికి ఒక్కో క్లాజు: కొలతలు, చెల్లింపు, ఆలస్యం, అదనపు పని. తిరిగి రాసిన క్లాజును ఆ కాంట్రాక్టుతో సంబంధం లేని సైటు ఇంజినీరుకు ఇచ్చి, ఐదు ప్రశ్నలు అడగండి. ‘మీరు మంగళవారం ఈమెయిల్ పంపారు, శుక్రవారం దాకా ఎవరూ రాలేదు, ఇప్పుడేం చేస్తారు?’ లాంటివి. పది నిమిషాలు టైమివ్వండి. రాసినవాళ్లు పక్కనుండి వివరించకూడదు. ఇది చాలా ముఖ్యం, వివరించాలనే తహతహ అందరికీ ఉంటుంది. ఐదింటిలో నాలుగు సరిగ్గా చెప్పకపోతే తప్పు క్లాజుదే, ఇంజినీరుది కాదు. డబ్బు క్లాజుల్ని అకౌంట్సుకు ఇచ్చి ఎక్సెల్‌లో లెక్క కట్టించండి. ఇద్దరికి రెండు అంకెలు వస్తే మళ్లీ రాయాలి.

సరిదిద్దే పద్ధతి గురించి మీకే చెబుతున్నాను, ఎందుకంటే శిక్షణ ఇక్కడే చెడుతుంది. సీనియరు డ్రాఫ్టు తీసుకుని తనే తిరగరాసి ఇచ్చేస్తారు. పని త్వరగా అవుతుంది, నేర్చుకునేవాడికి ఏమీ మిగలదు. మార్జిన్‌లో ప్రశ్న మాత్రమే రాయండి: ‘ఇది ఎవరు చేస్తారు?’, ‘రాకపోతే?’, ‘ఇక్కడ పని అన్నారు, రెండో పేజీలో ప్రాజెక్టు అన్నారు, రెండూ ఒకటేనా?’ రాసినవాళ్లే మార్చి తేవాలి. మొదట్లో మూడు నాలుగు రౌండ్లు పడుతుంది. ఓపిక పట్టండి.

అయిదో వారం నిర్వచనాలు. ఒకే వస్తువుకు ఒకే పేరు, నిర్వచనంలో బాధ్యతలు దాచకూడదు, ఒక్కసారే వాడే మాటకు నిర్వచనం అక్కర్లేదు. ఆరో వారం కాగితాల వరుస: ఆర్డరు, ప్రత్యేక షరతులు, సాధారణ షరతులు, డ్రాయింగులు, ఈమెయిళ్లు పరస్పరం విరుద్ధంగా ఉంటే ఏది నెగ్గుతుంది. అదనపు పనిని ఎవరు చెప్పవచ్చో కూడా ఇక్కడే. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం చెబుతుంది కాబట్టి, వాట్సాప్‌లో సూపర్‌వైజరు పెట్టిన ‘ఓకే చేసేయండి’ కూడా తలనొప్పి కాగలదు. ఇద్దరు అధికారుల హోదాలు, రెండు ఈమెయిల్ చిరునామాలు రాసి, అవి తప్ప వేరే దారిన వచ్చిన ఆదేశానికి ఎంతలోగా రాతపూర్వక ధ్రువీకరణ అడగాలో చెప్పండి.

ఏడో వారం లాయరును పిలవండి, ముందు కాదు. అప్పటికి మీవాళ్ల దగ్గర నిర్దిష్టమైన ప్రశ్నలుంటాయి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం నుంచో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీ నుంచో విద్యార్థిని ఇంటర్న్‌గా తీసుకుంటే నమూనాల్లో రద్దయిన చట్టాలు వెతకడం, ఒక క్లాజులో పేర్కొన్న ఇతర క్లాజుల నంబర్లు సరిచూడటం బాగా చేస్తారు. పరిధి, కొలతలు మాత్రం వాళ్లకు వదిలేయకండి. ఏఐ ఇచ్చిన డ్రాఫ్టులకూ ఇదే జాగ్రత్త. భాష నున్నగా ఉంటుంది, విదేశీ చట్టానికి సరిపడే క్లాజులు కూడా అదే నునుపుతో వచ్చేస్తాయి. ప్రతి వాక్యానికీ రంగు పెన్ను పరీక్ష పెట్టాకే వాడండి.

ఎనిమిదో వారం కొత్త నమూనాను ఖరారు చేసి, పాతవన్నీ అందరి కంప్యూటర్ల నుంచి తీసేసి ఒకేచోట భద్రపరచండి. నమూనాకు ఒకరే యజమాని. ప్రతి నమూనా అడుగున వెర్షన్ నంబరు, తేదీ. ‘గత కాంట్రాక్టు’ను నమూనాగా వాడటం నిషేధించండి, ఎందుకంటే అందులో ఆ క్లయింటుకు ఇచ్చిన ప్రత్యేక రాయితీలు ఉండిపోతాయి.

మేస్త్రీలతో, చిన్న లేబర్ కాంట్రాక్టర్లతో ఒప్పందం తెలుగులోనే రాయవచ్చు, చట్టానికి అభ్యంతరం లేదు. అయితే పాత దస్తావేజుల ‘సదరు’, ‘చేయబడును’ భాష వద్దు. మేస్త్రీ చదివి తిరిగి చెప్పగలగాలి. ఇంగ్లీషు కాంట్రాక్టుకు తెలుగు సారాంశం ఒక పేజీ ఇస్తే మంచిదే, కాని దాని మీద ‘అవగాహన కోసం మాత్రమే, తేడా వస్తే ఇంగ్లీషు ప్రతి చెల్లుతుంది’ అని ఉండాలి. సారాంశంలో అంకెలు, గడువులు అక్షరం పొల్లుపోకుండా సరిచూడాలి.

ఫలితం వస్తుందో లేదో చూడటానికి మూడు లెక్కలు ఇప్పటి నుంచే రాసిపెట్టండి: డ్రాఫ్టు నుంచి సంతకానికి ఎన్ని రోజులు, ఒక్కో పనిలో ‘దీని అర్థమేమిటి’ అంటూ సైటు నుంచి ఎన్ని ఫోన్లు, బిల్లుల్లో ఎన్ని అంశాలు వివాదంగా ఆగాయి. మొదటిది శిక్షణ మొదలైన కొత్తలో పెరుగుతుంది, కంగారుపడకండి. మూడోది తేలడానికి కనీసం రెండు బిల్లింగ్ చక్రాలు ఆగాలి.

కొన్ని మీవాళ్ల చేత రాయించకుండా నేరుగా లాయరుకే ఇవ్వండి: బ్యాంకు గ్యారంటీల పాఠం, ఏడాది దాటిన లీజులు (వాటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి), జాయింట్ వెంచర్లు, విదేశీ కంపెనీలతో ఒప్పందాలు. స్టాంపు డ్యూటీ కూడా ఆయనతోనే సరిచూపించుకోండి. తక్కువ స్టాంపు ఉన్న కాగితం, డ్యూటీ, పెనాల్టీ కట్టేదాకా సాక్ష్యంగా పనికిరాదు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఇది సరిదిద్దుకోగల లోపమేనని చెప్పింది గాని, ఆ సరిదిద్దుకోవడానికి పట్టే నెలలు మీ బిల్లు మీదే పడతాయి.